మామిడిపండ్లు, గుజ్జు: ఇంటి ఫ్రిజ్‌లో నిలువ చేయు విధము

బనగానపల్లె పేరు దేశమంతటికీ తెలిపినది ఇక్కడి మామిడియే. 2017 లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను ఎండకాలములో ఇంటినిండ పండ్లు, తరువాత ఏడాది పొడవున చుక్క రసమైన లేకుండుట తోటగల రైతులకు అనుభవమే. నేడు పల్లెలలో కూడ చాల ఇండ్లలో ఫ్రిజ్ ఉన్నది. దానిని తెలిసి వాడినచో పండు దక్కును. తెలియక వాడినచో పండు చెడుటయే గాక, ఇంటిల్లిపాదికి వాంతులు, విరేచనములు పట్టుకొనవచ్చును.

ముందుగా ఒక మాట. మాగని కాయను ఫ్రిజ్‌లో పెట్టరాదు. కోసిన తరువాత కూడ కాయ శ్వాసించుచునే యుండును. అందువలననే అది మాగును. మామిడి వేడి దేశపు పంట గనుక, సుమారు 13 డిగ్రీల సెంటిగ్రేడుకు తక్కువ చలిలో కొన్ని దినములున్నచో పచ్చికాయ లోపలి కణములు దెబ్బతినును. తోలు బూడిదరంగుకు తిరిగి మచ్చలు పడును. అట్టి కాయను బయటికి తీసి గడ్డిలో పెట్టినను సరిగా మాగదు, రుచియు రాదు. ఇంటి ఫ్రిజ్‌లో ఉండవలసినది 4 డిగ్రీలే. కాయలు ఎక్కువైనవి, మెల్లగా మాగవేయుదమని ఫ్రిజ్ నింపువారు మంచి కాయలనే పాడుచేసికొనుచున్నారు. ముచ్చికతో కోసి, సొన కార్చి, నీడపట్టున వరిగడ్డిలో మాగవేయవలెను. మాగిన పిదప ఫ్రిజ్‌లో నాలుగైదు దినములు నిలుచును. కోసిన ముక్కలను మూతపెట్టి ఉంచి, రెండు మూడు దినములలో తినవలెను. పచ్చిమాంసమున్నచో అది పండ్లకు క్రింది అరలో ఉండవలెను, దాని నీరు పండ్లపై కారరాదు.

ఏడాదికి దాచుకొనదలచినవారు గుజ్జునే దాచుట మేలు. బాగుగ మాగిన, దెబ్బతగలని పండ్లను కడిగి, తోలు, టెంక తీసి, శుభ్రమైన చేతులతో గుజ్జు చేయవలెను. కిలోకు 100 గ్రాముల చక్కెర, కొద్దిగా నిమ్మరసము కలిపినచో రంగు, రుచి నిలుచును. ఒక పూటకు సరిపడు చిన్న డబ్బాలలో పోసి, పైన అంగుళము ఖాళీ విడువవలెను. నీరు గడ్డకట్టునప్పుడు పొంగును గనుక, నిండుగ పోసిన సీసా పగులును. పప్పులోనికి పుల్లమామిడి ముక్కలు కూడ ఇట్లే గడ్డకట్టించవచ్చును. వండి తినునవి గనుక మాగునో మాగదో అను చింత లేదు.

ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీలలో ఉన్నచో గుజ్జు ఎనిమిది మాసములకు పైగా బాగుండును. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని చిన్న మంచుగదికి సాధారణముగ అంత చలి ఉండదు. అందులో పెట్టినది కొద్ది వారములలో వాడుకొనుట మంచిది.

చలికి సూక్ష్మజీవులు చావవు, నిద్రించును. వేడి తగిలిన వెంటనే మరల పెరుగును. కావున గుజ్జును అరుగుపై కరగనీయక, ముందు రాత్రి ఫ్రిజ్ క్రింది అరలోనికి మార్చవలెను. వండిన పప్పు, కూర సైతము రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో చేరవలెను. మన వేసవి ఎండలలో ఒక గంటయే గడువు.

మన పల్లెలలో అసలు చిక్కు కరెంటుతోనే. కరెంటు పోయినప్పుడు తలుపు తెరువరాదు. తెరువకున్నచో ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగనున్న పెద్ద ఫ్రీజరు రెండు దినములు, సగమే నిండినది ఒక దినము చలిని నిలుపును. ఊరికి పోవునపుడు ఫ్రీజరులో గిన్నెడు నీరు గడ్డకట్టించి, దానిపై ఒక రూపాయి బిళ్ల ఉంచి పొండు. తిరిగివచ్చుసరికి బిళ్ల అడుగున కనిపించినచో, మీరు లేనప్పుడు గడ్డ అంతయు కరిగి మరల కట్టినదని అర్థము. అప్పుడు గుజ్జు గట్టిగనే ఉన్నను, వాసన మంచిదే అయినను, పిల్లలకు పెట్టక పారవేయవలెను.