పాత సరకు వ్యానునకు రోడ్డుపై బలము తగ్గినప్పుడు

టమాటా పెట్టెలు వేలము మొదలగునప్పటికి మార్కెట్టులో దిగవలెను. పాట ముగిసిన తరువాత చేరిన సరకునకు మంచి ధర పలుకదు. అందుచేత సొంత వ్యాను గల రైతులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: “బండి పాతబడినది, హైవే మీద లాగుట లేదు, ఇంజను బలము పెంచు మార్గమేమైనా ఉన్నదా?”

బలము పెంచుటకు ముందు, ఉన్న బలము ఎక్కడ పోవుచున్నదో చూడవలెను. పది పన్నెండేండ్లు నడిచిన వ్యానులలో పెక్కింటికి కావలసినది కొత్త బలము కాదు, పోయిన బలమును తిరిగి రాబట్టుకొనుటయే.

మొదట ఒక చిన్న లెక్క. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేపు శక్తిని ఒక అశ్వశక్తి అందురు. 2005 లో వచ్చిన టాటా ఏస్ వ్యానునకు 702 సి.సి. గల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉండెను. దాని శక్తి 16 అశ్వశక్తులు. అట్టి బండి 25 కిలోల పెట్టెలు 30 వేసికొన్న, ఖాళీ బరువుతో కలిపి సుమారు 1500 కిలోలు తూగును. 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచు ఎక్కుడు దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవుటకు బరువును పైకి లేపుటకే 8 అశ్వశక్తులకు పైగా పట్టును. చక్రముల ఒరిపిడికి మరి రెండున్నర. మొత్తము 11 లోపు. బండి సులువుగా ఎక్కును.

ఇప్పుడు అదే బండిలో 50 పెట్టెలు వేయుడు. బరువు 2000 కిలోలగును. కావలసిన శక్తి 14 అశ్వశక్తులు దాటును. గేర్లలో పోవునది తీసివేసిన, కొత్త ఇంజనుకే అది చివరి హద్దు. పాత ఇంజను ఎట్లు లాగగలదు? చిత్తూరు వైపునుండి పలమనేరునకు మొగిలి కనుమ ఎక్కు బండ్లను చూచినవారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019 లో జరిగిన సవరణ ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానా, హెచ్చిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు అదనము. ఇరవై పెట్టెల బాడుగ ఎంత మిగులునో మీరే లెక్క చూచుకొనుడు.

ఎక్కుడు లేని చదును హైవే మీద శత్రువు గాలి. గాలి అడ్డు కొరకు పట్టు శక్తి వేగము యొక్క ఘనము లెక్కన పెరుగును. గంటకు 60 కిలోమీటర్లనుండి 80 కి పెంచిన, గాలిని చీల్చుటకు రెండు రెట్లకు మించిన శక్తి కావలెను. పెట్టెలను క్యాబిను పైకప్పును మించి పేర్చుట, పట్టాను వదులుగా కట్టి టపటప కొట్టుకొననిచ్చుట ఈ భారమును ఇంకను పెంచును.

ఇక ఇంజను సంగతి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండుటకు సుమారు 14½ కిలోల గాలి కావలెను. మన పొలము బాటల దుమ్ములో తిరుగు వ్యానునకు ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకొనిపోవును. కాగితపు ఫిల్టరును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. వెలుగు కనబడనిచో మార్చవలెను. దానిని నీటితో కడుగరాదు. లోపలినుండి బయటకు మెల్లగా గాలి కొట్టవచ్చును, కాని గట్టిగా కొట్టిన కాగితము చిరిగి దుమ్ము సరాసరి సిలిండరులోనికే పోవును. డీజిల్ ఫిల్టరును సకాలములో మార్చి, అడుగున చేరిన నీటిని వదలుచుండవలెను.

పొగ చూచి జబ్బు కొంత తెలిసికొనవచ్చును. నల్లని పొగ అనిన గాలి చాలలేదు, లేదా నాజిల్ సరిగా చిమ్ముట లేదు. నీలిపొగ అనిన ఇంజను ఆయిలు మండుచున్నది. ఇంజను నడుచుచుండగా ఆయిలు పోయు మూత జాగ్రత్తగా వదులు చేసి చూచిన, ఆవిరి బుసబుస కొట్టుచుండినచో పిస్టను రింగులు అరిగినవని అనుమానింపవలెను. అప్పుడు మెకానిక్కుచే కంప్రెషన్ పరీక్ష చేయింపవలెను. రింగులు పోయిన ఇంజనుకు పైపై మరమ్మతులతో బలము రాదు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. ఒక రైతు తన వ్యాను లాగుట లేదని చెప్పగా, చూడకయే ఇంజను విప్పించుమని సలహా ఇచ్చితిని. అతడు పాలు తోలు తన తమ్మునితో ఆ మాట చెప్పగా, తమ్ముడు నవ్వి, జాకీ వేసి వెనుక చక్రము చేతితో త్రిప్పి చూపినాడట. తిరుగలేదు. బ్రేకు పట్టుకొని ఉన్నది! బండి నెలల తరబడి బ్రేకును ఈడ్చుకొనుచు తిరిగినది. ఆనాటినుండి నేను ఎవరికైనను మొదట చెప్పునవి ఇవే: చక్రములు సులువుగా తిరుగుచున్నవా, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉన్నదా, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కినపుడు పంపు దగ్గరి లివరు చివరివరకు పోవుచున్నదా. కేబులు సాగినను, పెడలు క్రింద చాప అడ్డుపడినను ఇంజను సగము బలముతోనే నడుచును. ఇంజను హోరు పెరిగి వేగము పెరుగనిచో క్లచ్ జారుచున్నదని తెలియవలెను.

కొందరు మెకానిక్కులు పంపు స్క్రూ త్రిప్పి డీజిల్ ఎక్కువ వదలి “పికప్ వచ్చినది” అందురు. కొంచెము వచ్చిన మాట నిజమే. కాని మండుటకు గాలి లేని డీజిల్ మసియగును. లోపలి వేడి పెరుగును. కనుమ సగములో హెడ్ గ్యాస్కెట్ కాలి బండి నిలిచినచో, ఎండలో పెట్టెలలోని టమాటా గతి ఏమి? పంపును లెక్క ప్రకారము పరీక్షించు యంత్రము గల షాపులో కంపెనీ కొలతకే సరిచేయింపవలెను. ట్యాపెట్ల సందు కూడ అప్పుడే చూపించుడు. రేడియేటరు నీరు, ఫ్యాను బెల్టు ప్రతి ప్రయాణమునకు ముందు, ఇంజను చల్లగా నున్నప్పుడు చూడవలెను.

డ్రైవరు చేతిలోను కొంత బలము కలదు. 16 అశ్వశక్తులు ఇంజను నిమిషమునకు 3200 చుట్లు తిరుగునప్పుడు వచ్చునవి. టాపు గేరులో మూలుగుచు సగము చుట్లతో ఎక్కించిన సుమారు సగము శక్తియే దొరకును. కనుమ మొదలునకు ముందే గేరు తగ్గించుకొనవలెను. దిగునప్పుడు కూడ అదే గేరులో దింపవలెను. డీజిల్ కలిసివచ్చునని న్యూట్రల్ చేసిన, బరువంతయు బ్రేకులమీదనే పడి అవి కాగి పట్టు తప్పును.