మామిడి కొమ్మలు, పూత, ఆకులపై సూక్ష్మ శిలీంధ్రాల గుర్తింపు

మామిడి పూత నల్లబడి రాలినప్పుడు అది మసి తెగులో, మచ్చ తెగులో కంటిచూపుతోనే నిర్ణయించడం క్షేత్రస్థాయిలో పరిపాటి. కాని ఈ రెండింటి నివారణ వేరు. మసి శిలీంధ్రం మొక్క కణజాలంలోకి చొరబడదు. తేనెమంచు పురుగు విసర్జించే తియ్యని ద్రవంపై పెరుగుతుంది. పురుగును అదుపు చేయకుండా శిలీంధ్రనాశిని పిచికారీ చేస్తే రైతుకు ఖర్చే మిగులుతుంది. కనుక సిఫారసుకు ముందు సూక్ష్మదర్శిని పరీక్ష అవసరం.

నమూనా సేకరణ, పరీక్ష

పూర్తిగా ఎండిన భాగాలపై పూతికాహార శిలీంధ్రాలు చేరి అసలు కారకాన్ని కప్పివేస్తాయి. అందుచేత ఆరోగ్యవంతమైన, తెగులు సోకిన భాగాలు కలిసే అంచును సేకరించి కాగితపు సంచిలో ఉంచాలి. పారదర్శకమైన సెల్లోటేపును మచ్చపై అద్ది, గాజు పలకపై ఉంచిన లాక్టోఫినాల్ కాటన్ బ్లూ చుక్క మీద అతికించి పరిశీలించాలి. పైకి ఏమీ కనిపించకపోతే, తడిపిన వడపోత కాగితం పరచిన పెట్రి పాత్రలో నమూనాను 24 నుండి 48 గంటలు ఉంచి మరల చూడాలి.

గుర్తింపు లక్షణాలు

బూడిద తెగులు (ఓయిడియం మాంజిఫెరే): పూత, లేత ఆకులపై తెల్లని పొడి ఉంటుంది. ఉపరితలంపై రంగులేని తంతువులు, నిటారు కాడల చివర అండాకారపు ఏకకణ కొనిడియాలు కనిపిస్తాయి. ఇది సజీవ కణజాలంపైనే జీవిస్తుంది. అగార్ యానకంపై పెరగలేదని తెగులు లేదనుకోరాదు.

మచ్చ తెగులు (కొల్లెటోట్రైకం గ్లియోస్పోరియాయిడిస్): తేమలో మచ్చలపై నారింజ ఛాయ గల జిగురు ముద్దలు ఏర్పడతాయి. కొనిడియాలు రంగులేనివి, ఏకకణమైనవి, కొనలు గుండ్రని స్తూపాకారంలో ఉంటాయి. ఈ పేరు నిజానికి ఒక జాతుల సముదాయానిది. కచ్చితమైన జాతి నిర్ధారణకు డీఎన్ఏ విశ్లేషణ కావాలి.

మసి తెగులు (కాప్నోడియం): ముదురు గోధుమ రంగు తంతువులకు అడ్డుపొరలుంటాయి. తడిగుడ్డతో తుడిస్తే నల్లని పొర ఊడి, కింద పచ్చని ఆకు బయటపడుతుంది. ఊడకుండా ఆకును అంటిపెట్టుకుని, తంతువులపై చిన్న తలవంటి హైఫోపోడియాలు కనిపిస్తే అది పరాన్నజీవియైన మెలియోలా కావచ్చు.

కొమ్మ ఎండు తెగులు (లాసియోడిప్లోడియా థియోబ్రోమే): ఎండిన కొమ్మ బెరడులో నల్లని పిక్నిడియాలుంటాయి. పక్వమైన కొనిడియాలు గోధుమ రంగులో, రెండు కణాలతో, నిలువు చారలతో ఉంటాయి. లేత దశలో ఇవి రంగులేని ఏకకణాలు కనుక మచ్చ తెగులుగా పొరబడే అవకాశం ఉంది. నమూనాను మరికొన్ని రోజులు తేమలో ఉంచి, పక్వమైన తరువాతే నిర్ణయానికి రావాలి.

తుది నిర్ధారణ

తేమ పాత్రలో కనిపించిన ప్రతి శిలీంధ్రమూ తెగులు కారకం కాదు. ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం వంటివి చనిపోయిన కణజాలంపై సులభంగా పెరుగుతాయి. సందేహమున్నప్పుడు వేరుచేసిన శిలీంధ్రాన్ని ఆరోగ్యవంతమైన మొక్కపై ప్రయోగించి, అవే లక్షణాలు కలిగించి, అదే శిలీంధ్రాన్ని తిరిగి పొందగలిగితేనే అది కారకమని నిర్ధారించాలి.