ఎర్రదీపం వెలిగింది - ఏ బ్యాటరీది తప్పు?

మీ మామ బెంగుళూరులో ఒక పాత రేవా కారు చవగ్గా కొని ఆలూరుకు తెచ్చుకున్నాడనుకోండి. లారీ మీద ఎక్కించే తెచ్చి ఉంటాడు లెండి! ఒకసారి చార్జి చేస్తే కొత్తలోనే ఆ కారు నడిచేది సుమారు 80 కిలోమీటర్లు. బెంగుళూరు అంతకు ఎన్నో రెట్లు దూరం.

కొన్నాళ్లు కారు బాగానే తిరిగింది. ఒకరోజు మిట్ట ఎక్కుతుండగా స్టీరింగు ముందు ఎర్రదీపం వెలిగింది. అది బ్యాటరీ దీపం. మిట్ట దాటి చదును రోడ్డు మీదికి రాగానే ఆరిపోయింది. మర్నాడూ అంతే. చూసినవాళ్లు "బ్యాటరీలు పోయినాయి, అన్నీ మార్చాల్సిందే" అన్నారు. ఉన్నవి ఎనిమిది బ్యాటరీలు. మామ గుండె గుభేలుమంది.

నిజంగా ఎనిమిదీ పోయాయా? ఓమ్ నియమం చదువుకున్న మీరు దీన్ని తేల్చడంలో మామకు సాయపడగలరు.

ముందు ఆ కారు సంగతి కొంచెం తెలుసుకుందాం. రేవా 2001లో బెంగుళూరులో అమ్మకానికి వచ్చింది. తర్వాత ఇంగ్లండుకూ వెళ్లి, లండన్ వీధుల్లో 'జీ-విజ్' అనే పేరుతో తిరిగింది. మొదట వచ్చిన కార్లలో ఉండేవి సీసం-ఆమ్లం బ్యాటరీలు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన రకమే ఇది. ఒక్కొక్కటి 6 ఓల్టులు. ఎనిమిదింటినీ శ్రేణిలో కలిపితే 48 ఓల్టులు. ఒక్కో బ్యాటరీ పెట్టెలో దాదాపు రెండేసి ఓల్టుల ఘటాలు మూడుంటాయి. అంటే మొత్తం 24 ఘటాలు ఒకే వరుసలో ఉన్నాయన్నమాట.

చెరువు పూడిక తీసేటప్పుడు మట్టితట్టలు చేతులు మారుతూ గట్టు మీదికి పోవడం చూసే ఉంటారు. వరుసలో ఒక్కరు డస్సిపోతే తట్ట అక్కడ ఆగిపోతుంది. మిగతావారు ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. శ్రేణి సంధానం అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఇంకో చిక్కుంది. బలహీనమైన ఘటం ముందుగా ఖాళీ అయిపోయినా, మిగతా 23 దాని గుండా విద్యుత్తును తోస్తూనే ఉంటాయి. అప్పుడు దాని ధ్రువాలు తారుమారై, ఆ ఘటం పూర్తిగా చెడిపోతుంది. అందుకే ఎర్రదీపాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. నిండా చార్జయి విశ్రాంతిగా ఉన్న 6 ఓల్టుల బ్యాటరీ సుమారు 6.4 ఓల్టులు చూపుతుంది. ఎనిమిదీ కలిపితే 51.2. ఒక ఘటం చచ్చిపోయిన బ్యాటరీ 4.3 మాత్రమే చూపుతుందనుకుంటే మొత్తం 49.1 అవుతుంది. బ్యాటరీలన్నీ మంచివై ఉండి సగం చార్జి ఖర్చయినప్పుడు ఒక్కోటి 6.1 చూపుతుంది, మొత్తం 48.8. రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు 49 ఓల్టులే! మొత్తాన్ని మాత్రమే కొలిస్తే చార్జి తగ్గిందో, ఒక ఘటం చచ్చిందో తెలియదు. ఒక్కొక్క బ్యాటరీనీ విడిగా కొలవాల్సిందే. ఈ ఒక్క పని చేయకుండా ఎనిమిదింటికీ డబ్బు పోసినవాళ్లు ఉంటారంటే నేను ఆశ్చర్యపోను.

మరి దీపం మిట్ట మీదే ఎందుకు వెలిగింది? మిట్ట ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. అది వంద ఆంపియర్లనుకుందాం. ఏదో ఒక తీగ బిగింపు వదులై, పొట్టులాంటి తెల్లటి పొడి పట్టి, అక్కడ 0.01 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. చాలా స్వల్పం కదా! కాని ఓమ్ నియమం ప్రకారం అక్కడే 1 ఓల్టు పోతుంది. సామర్థ్యం లెక్కవేస్తే 100 వాట్లు, అంటే ఒక వంద వాట్ల పాత బల్బంత వేడి ఆ చిన్న బిగింపు దగ్గర పుడుతుంది. చదును రోడ్డు మీద 30 ఆంపియర్లే చాలితే పోయేది 0.3 ఓల్టు, పుట్టేది 9 వాట్లు. అందుకే అక్కడ దీపం ఆరిపోయింది. బ్యాటరీ లోపలి నిరోధం పెరిగినా ఇలాగే జరుగుతుంది. కాబట్టి దీపం అబద్ధం చెప్పలేదు. ఓల్టేజి పడిపోయిందని చెప్పింది. ఎక్కడ పడిపోయిందో చెప్పలేదు, అంతే.

ఇక పరీక్ష. కొలిచే పని పెద్దవాళ్లది, పనితెలిసిన ఎలక్ట్రీషియన్‌ది. ఇనప స్పానరు పొరపాటున రెండు ధ్రువాలకు తగిలితే కరిగేంత విద్యుత్తు పారుతుంది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కనుక దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. ఆమ్లం కంట్లో పడితే చూపే పోవచ్చు. దూరంగా కూర్చుని అంకెలు నోటుపుస్తకంలో రాయడం మీ పని. అసలు సంగతి ఆ అంకెల్లోనే ఉంది.

రాత్రంతా చార్జి చేసి, కొన్ని గంటలు ఆపి, ఎనిమిదింటినీ కొలవాలి. తర్వాత విద్యుత్తు లాగుతుండగా మళ్లీ కొలవాలి. ఏడు బ్యాటరీలు 5.9 దగ్గర నిలబడి, నాలుగోది 4.8కి జారిందనుకోండి. దొంగ దొరికినట్టే. అన్నీ సమానంగా నిలబడినా మొత్తం మాత్రం తక్కువగా ఉంటే, తప్పు బిగింపుల్లో ఉంది. తీగలు విప్పి, పొడి తుడిచి, గట్టిగా బిగిస్తే ఖర్చు దాదాపు లేనట్టే. అన్నీ కలిసే జారితే మాత్రం, పాపం, చూసినవాళ్లు చెప్పిందే నిజం.

నాలుగోదాని మూతలు తీసి హైడ్రోమీటరు ముంచితే రెండు ఘటాల్లో 1.26, మూడోదాంట్లో 1.15 వచ్చిందనుకుందాం. లోపల పలకలు నీటిమట్టం పైకి తేలి కనబడుతున్నాయి. గాలి తగిలిన పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. మన ఎండలు మీకు తెలుసు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఒక మోటు లెక్క. నీరు కూడా త్వరగా తగ్గిపోతుంది. తగ్గినప్పుడు స్వేదనజలమే పోయాలి. ఆలూరు బోరునీళ్లు పోయకూడదు, వాటిలోని లవణాలు పలకలకు శత్రువులు. ఆమ్లమూ పోయకూడదు, ఎందుకంటే ఆవిరైపోయింది నీరే.

నీరు పోసి, నెమ్మదిగా పూర్తి చార్జి చేసి మళ్లీ కొలిస్తే ఒక్కోసారి ఘటం కోలుకుంటుంది. కోలుకోకపోతే ఆ ఒక్క బ్యాటరీ మార్చాలి. మిగతా ఏడూ ముసలివైతే, వాటి మధ్య సరికొత్తది పెట్టడం కంటే అదే వయసున్న మంచి పాతది వెతకడం మేలని నా అభిప్రాయం. పాతదాన్ని పెంటకుప్ప మీద పారేయకండి, సీసం విషం. బ్యాటరీ కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడు. లిథియం బ్యాటరీల కొత్త కార్లలో ఘటాల ఓల్టేజిని విడివిడిగా కనిపెట్టే ఏర్పాటు లోపలే ఉంటుంది. వాటిని మాత్రం ఇంట్లో విప్పనే కూడదు.

మీరు సొంతంగా చేయదగింది ఒకటుంది. మూడు సెల్లుల టార్చిలైటులో రెండు కొత్తవి, ఒకటి బాగా వాడేసినది వేయండి. బల్బు ఆర్పి మూడింటినీ ఓల్టుమీటరుతో కొలవండి. వెలిగించి మళ్లీ కొలవండి. పాతసెల్లు దగ్గర ముల్లు ఎంత జారిందో రాసుకోండి, ఒక్కోసారి సున్నాకు ఎడమవైపుకూ పోవచ్చు. అలా పోతే వెంటనే ఆ సెల్లు తీసేయండి, లేకపోతే కారి టార్చి పాడవుతుంది.