మురుగు కాలువకు నాడీపరీక్ష

వైద్యుడు రోగి నాడిని పట్టి చూచి, దేహములోని వికారమును గుర్తించును. ప్రవహించు కాలువకును అట్టి పరీక్ష యొకటి కలదు. అది ఎట్టిదో తెలిసికొందము.

కృష్ణా డెల్టా కాలువల సీమ. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైనది. 1957లో ప్రకాశం బారేజి దాని పనిని చేపట్టినది. పంట కాలువలు పొలములకు నీరు తెచ్చును; మురుగు కాలువలు మిగిలిన నీటిని కొనిపోవును. ఈ మురుగులో కొంత కొల్లేటికిని, కొంత సముద్రమునకును చేరును.

రైతు చల్లిన ఎరువు నంతను పైరు గ్రహింపజాలదు. ఎరువు చల్లిన వెంటనే పెద్దవాన కురిసినచో, కొంత భాగము కరగి మురుగు బోదెలలోనికి జారును. చేపల చెరువుల నుండి వదలిన నీరును దానితో కలియును. ఈ సారము వలన కాలువలో నాచు, గుర్రపుడెక్క విపరీతముగా పెరుగును. అవి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించినచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గవచ్చును.

లవణములు నీటిలో కరగినపుడు విద్యుదావేశము గల కణములుగా విడిపోవును. వీనిని అయానులందురు. అమ్మోనియముది ధనావేశము, నైట్రేటు, ఫాస్ఫేటులది ఋణావేశము. నేల అమ్మోనియాను పట్టియుంచి, బదులుగా సున్నమును విడుచునని 1850లో ఇంగ్లండునందు థామ్సన్, వే అను వారు ప్రకటించిరి. ఇదియే అయాను వినిమయము. మన నల్లరేగడి బంకమన్నును ఇట్లే అమ్మోనియమును నిలుపును. కాని నైట్రేటును నిలుపజాలదు. 1935లో ఆడమ్స్, హోమ్స్ అను ఇంగ్లండు రసాయనజ్ఞులు ఈ పని చేయు కృత్రిమ రెజినును తయారుచేసిరి.

ఆవగింజకంటె చిన్నవైన రెజిను పూసలను నైలాను సంచిలో కట్టి, కొన్ని దినములు కాలువలో మునిగియుండునట్లు వ్రేలాడదీయుదురు. పూసలు తమ యందలి అయానులను విడిచి, నైట్రేటును ఫాస్ఫేటును గ్రహించును. పిమ్మట సంచిని ప్రయోగశాలకు తెచ్చి, చిక్కని పొటాషియం క్లోరైడు ద్రావణముతో వానిని విడిపించి కొలుతురు. నీటిలో ముంచని సంచి నొకదానిని పోలికకై ఉంచుదురు.

ముంచి తెచ్చిన సీసాడు నీరు ఆ క్షణపు స్థితినే తెలుపును. సంచియో, అర్ధరాత్రి వచ్చిన వానముంపును సైతము లెక్కలో చేర్చును. కాలువ పొడవునా సంచులుంచినచో, ఏ రెండు తావుల నడుమ సారము హెచ్చినదో తేటపడును. కాని ప్రవాహవేగమును బట్టి పూసలు గ్రహించు పరిమాణము మారును. కావున నీటి పారుదలను కూడ గమనింపవలెను.

ఈ పరీక్ష గుడివాడ ప్రాంతపు మంచినీటి మురుగు కాలువలకు అనువైనది. దివిసీమలోను, మచిలీపట్నము తీరమునందును సముద్రపు పోటు కాలువలలోని కెక్కును. అప్పుడు ఉప్పునీటిలోని క్లోరైడు, సల్ఫేటు ముందుగా పూసల నాక్రమించును. అచ్చట నీటినే తరచుగా తెచ్చి పరీక్షించుట మేలు.

ఎరువు కాలువపాలైన రైతు సొమ్మును కాలువపాలైనట్లే. మబ్బు చూచి ఎరువు చల్లుట, దానిని దఫాలుగా వేయుట, గట్లు చక్కగా నిలుపుట పైరునకును నీటికిని క్షేమకరములు. ఎగువవాని మురుగే దిగువవాని నీరు. ఈ సత్యమును మరువరాదు.

ప్రశ్నలు
1. నల్లరేగడి నేల అమ్మోనియమును నిలిపి నైట్రేటును విడుచుటకు కారణమేమి?
2. సీసాడు నీటికంటె రెజిను సంచి ఏ విధమున మేలైనది?
3. దివిసీమలో ఈ పరీక్షకు కలుగు ఆటంకమేమి?