నీటిలో కరిగే మందుబిళ్ల - పాల చక్కెర పాత్ర

చీజ్ తయారీలో మిగిలే తేటనీటిలోకి పాల చక్కెర, అనగా లాక్టోజు, అధికభాగం పోతుంది. ఆ నీటిని చిక్కబరచి, స్ఫటికాలుగా తీసి, శుద్ధిచేసిన లాక్టోజును మందుల తయారీదారులు కొంటారు. వారికది ఎందుకో మన సభ్యులు తెలుసుకోవాలి.

చాలా బిళ్లల్లో అసలు మందు కొద్దిపాటే. నీళ్ల విరేచనాలైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తోపాటు జింకు ఇవ్వవలసిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ, యునిసెఫ్ 2004లో సిఫారసు చేశాయి. ఆ బిళ్లలో జింకు 20 మిల్లీగ్రాములు మాత్రమే. కాని దాని రుచి వగరు, లోహపు వాసన. బిడ్డ మొదటిరోజే ఉమ్మివేస్తే 14 రోజుల వైద్యం అక్కడే ఆగుతుంది. కనుక రుచి సోకు కాదు, వైద్యంలో భాగమే.

లాక్టోజు చవక, బిళ్లగా బాగా అణుగుతుంది. అయితే దాని తీపి పంచదారలో ఇంచుమించు అయిదోవంతే, వగరును కప్పలేదు. మానిటాల్ తీపి పంచదారలో సగం ఉంటుంది, కరిగేటప్పుడు వేడిని లాగుకొని నోటికి చల్లగా తగులుతుంది. ధర మాత్రం ఎక్కువ. మరీ చేదు మందైతే తీపి చాలదు; రేణువులకు నోటిలో కరగక కడుపులోని ఆమ్లంలో కరిగే పూత వేస్తారు.

ఇంకొక చిక్కు. కోవా కాచేటప్పుడు పాలు రంగు తిరగడం మనకు తెలిసిందే. అది పాల చక్కెర మాంసకృత్తులతో కలిసి చేసే పని. కొన్ని ఎమైన్ జాతి మందులతో కూడా లాక్టోజు నిలవలో అలాగే గోధుమరంగుకు తిరుగుతుంది. అక్కడ మానిటాలే మేలు. మన సరుకని మొగ్గు చూపడం తగదు.

(పాలు పడనివారు భయపడనక్కరలేదా అని కొందరడుగుతారు. గ్లాసు పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజు ఉంటే, బిళ్లలో ఉండేది గ్రాములో కొద్దిభాగమే. చాలామందికి ఇబ్బంది ఉండదు.)

ఇక విడిపోవడం. క్రాస్‌పోవిడోన్ అనే పొడి దీపపు వత్తిలా నీటిని లోపలికి పీల్చి బిళ్లను విడగొడుతుంది. యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్ దీనికి విరుద్ధం. అది ఎక్కువైనా, ఎక్కువసేపు కలిపినా, వెన్న పూసిన చేతికి నీరు అంటనట్లే అవుతుంది. గట్టిగా నొక్కితే బిళ్ల ఆలస్యంగా విడుతుంది. మెత్తగా నొక్కితే రవాణాలో చిట్లుతుంది. యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం ఇట్టి బిళ్ల నీటిలో 3 నిమిషాలలోపు విడిపోవాలి.

ఈ బిళ్లలు గాలిలోని తేమను కూడా పీలుస్తాయి. ముందుగా విప్పి డబ్బాలో పోయక, వేసేటప్పుడే స్ట్రిప్పు నుంచి తీసి, చెంచాడు శుభ్రమైన నీటిలో గాని తల్లిపాలలో గాని కరిగించి వెంటనే పట్టాలి.