కొత్త ఎద్దు – పాత కాడి

రెండు దింపుల కొబ్బరి సొమ్ము పెట్టి నాన్న నాకు కొత్త కంప్యూటరు కొన్నారు. అందులో లినక్స్ ఎక్కించాను. తీరా చూస్తే విండో జరిపితే నత్తనడక, మాటిమాటికీ తెర బిగుసుకుపోవడం! "ఏరా, కొత్త సరుకు అప్పుడే మొరాయిస్తోందేం?" అన్నారు నాన్న. నాకు నోట మాట రాలేదు. ప్రాజెక్టు గడువు చూస్తే వారమే.

సైన్సు విద్యార్థి ఊహించి ఊరుకోకూడదు, పరీక్షించాలి. టెర్మినల్‌లో 'టాప్' అని కొట్టాను. తీరిగ్గా ఉండాల్సిన ప్రాసెసరు ఊపిరాడకుండా పనిచేస్తోంది. సెట్టింగ్సులో గ్రాఫిక్స్ దగ్గర 'ఎల్‌ఎల్‌వీఎం పైప్' అని ఉంది. గుట్టు దొరికింది! బొమ్మ గీయాల్సిన గ్రాఫిక్స్ చిప్పు ఖాళీగా కూర్చుంటే, ఆ చాకిరీ అంతా ప్రాసెసరే చేస్తోందన్నమాట.

ఎందుకిలా? లినక్స్‌లో డ్రైవర్లు చాలామటుకు కెర్నల్‌లోనే ఉంటాయి. నేను ఎక్కించిన కెర్నల్ నా చిప్పు పుట్టకముందుది. పుట్టని బిడ్డ పేరు దానికెలా తెలుస్తుంది? ఇంటెల్ ఆర్క్ కార్డులు 2022లో బజారుకొచ్చినా, ప్రయోగదశ దాటిన డ్రైవరు 2023 ఫిబ్రవరిలో విడుదలైన 6.2 కెర్నల్‌తోగాని రాలేదు.

కొత్త కెర్నల్, ఫర్మ్‌వేర్, మీసా లైబ్రరీ ఎక్కించి రీస్టార్ట్ చేశాను. పాత కెర్నల్‌ని చెరపలేదు. కొత్తది బెడిసికొడితే బూట్ మెనూలోంచి వెనక్కి రావచ్చు. ఈసారి గ్రాఫిక్స్ దగ్గర చిప్పు అసలు పేరే కనిపించింది. విండోలు కాలువలో పడవల్లా సాగాయి.

సంగతి చెబితే నాన్న నవ్వారు. "కొత్త ఎద్దుకి పాత కాడి కట్టావన్నమాట. ఎద్దుదేం తప్పురా?"

మిత్రులారా! యంత్రం మొరాయిస్తే తిట్టుకుంటూ దుకాణానికి పరుగెత్తకండి. ముందు కారణం వెతకండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.