‘సీ’ అను క్రియయు, దాని ముందు నిలుచు చిన్న మాటలును

ఆంగ్లభాషలో ‘సీ’ అను క్రియను ఎరుగని విద్యార్థి మన తెలుగునాట నుండడు. ఇంగ్లీషు చదువ మొదలిడిన తొలినాళ్లలోనే అది ఎదురగును. అయినను ఉద్యోగపరీక్షలలోను, ఇంటర్వ్యూలలోను పట్టభద్రులు సైతము తడబడునది ఇట్టి చిరపరిచిత పదములయొద్దనే గాని, నిఘంటువు వెదకి కంఠస్థము చేసిన కఠినపదములయొద్ద కాదు. కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్ అను మోడల్ క్రియలలో ఏది ‘సీ’కి ముందు నిలిచినదో దానిని బట్టి, మాటలాడువాడు తన కన్నులతో చూచినాడా, చూచినట్లు ఊహించుచున్నాడా, చూడవలసియుండియు చూడక విడిచినాడా అను సంగతి తేటపడును. ఉద్యోగమిచ్చువాడు ఉచ్చారణసౌష్ఠవముకన్న ఈ భేదమునకే ఎక్కువ విలువ నీయవలెనని నా మతము.

రూపమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. ఈ మాటల తరువాత క్రియ మూలరూపముననే యుండును: ‘హి కెన్ సీ’ అనవలెనే గాని ‘హి కెన్ సీస్’ అనియు, ‘హి కెన్ టు సీ’ అనియు, ‘హి కుడ్ సా’ అనియు అనరాదు. గడచిన విషయమైనచో ‘హావ్ సీన్’ చేరును. కర్త ఏకవచనమైనను ‘హి మస్ట్ హావ్ సీన్’ అనుటయే సాధువు, ‘హ్యాజ్ సీన్’ అసాధువు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్ష మొదటి అంచెలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు; తప్పు సమాధానమునకు అర మార్కు కోత. వాక్యమును నాలుగు ముక్కలు చేసి దోషమెచ్చటనో చూపుమనెడి ప్రశ్నలకు ఇట్టి రూపములు చక్కగా అమరును గనుక, వీనిని ఒక సాయంకాలము కూర్చుండి సాధించి వైచుట లాభకరము.

అర్థవిషయము అంత సులభము కాదు. కెన్ అనగా సామర్థ్యము, మే అనగా అనుమతి, మస్ట్ అనగా నిర్బంధము అని మాట కొక అర్థము కట్టబెట్టిన పట్టికలను వల్లించి వచ్చినవారికి ‘సీ’ యొద్ద ఆ పట్టిక పనిచేయదు. తెలుగులో ‘బోర్డు కనబడుచున్నది’ అందుము గనుక, అదే పోతలో ‘ఐ యామ్ సీయింగ్ ద బోర్డ్’ అనుట మనకు అలవడినది. ఆంగ్లమున ఇంద్రియానుభవము స్థితియే గాని సాగుచున్న పని కాదు. అందుచే ‘ఐ కెన్ సీ ద బోర్డ్’ అందురు. ఇచ్చటి కెన్ దృష్టిపాటవమును చాటుట లేదు, కనబడుచున్నదను వార్తను మాత్రమే మోయుచున్నది. మాదాపూరు కంపెనీలలో వీడియో సమావేశము ఆరంభమగునపుడు ‘కెన్ యు సీ మై స్క్రీన్’ అను ప్రశ్న వినబడని దినముండదు. దానికి ‘యెస్, ఐ కెన్’ అనుట చాలును. ‘యెస్, ఐ యామ్ సీయింగ్’ అన్నచో భావము అందకపోదు గాని, అవతల విదేశీయుడున్నచో మీ భాషను గూర్చి అతని అంచనా ఆ క్షణముననే ఒక మెట్టు దిగును. ‘ఆర్ యు ఏబుల్ టు సీ’ అని మనవారు విరివిగా అడుగుదురు. అది తప్పు కాదు, పొడుగెక్కువ, అంతియే. ‘సీ’కి కలిసికొనుట యను అర్థమున్నపుడు మాత్రము ‘సీయింగ్’ చెల్లును: ‘ద డాక్టర్ ఈజ్ సీయింగ్ ఎ పేషెంట్’ అనునది నిర్దుష్టవాక్యము.

కుడ్ విషయమున మరియొక సూక్ష్మమున్నది. ఒక్క పర్యాయము ప్రయత్నించి సాధించిన కార్యమునకు ఆంగ్లమున కుడ్ పొసగదు. పరుగెత్తి రైలు నందుకొన్నవాడు ‘ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్ ద ట్రెయిన్’ అనవలెనే గాని ‘ఐ కుడ్ క్యాచ్ ద ట్రెయిన్’ అనరాదు. కాని ఆ రైలే దూరమున కనబడినదని చెప్పుటకు ‘ఐ కుడ్ సీ ద ట్రెయిన్’ నిశ్శంకముగ అనవచ్చును. చూపు, వినికిడి, వాసన మొదలగువానిని తెలుపు క్రియలకు ఈ మినహాయింపు కలదు. ఏలయన అవి సాధించిన కార్యములు కావు, అనుభవమున నున్న స్థితులు. అందుకొనలేదని చెప్పుటకు మాత్రము ‘ఐ కుడంట్ క్యాచ్ ద ట్రెయిన్’ అన్నను దోషము లేదు.

ఇక ‘హావ్ సీన్’ చేరిన రూపములు: ఉద్యోగస్థుని కొంప ముంచునవియు, గట్టెక్కించునవియు ఇవియే. ఒక బ్యాంకు శాఖలో చెక్కుమీది సంతకమును గూర్చి వివాదము పుట్టినదనుకొందము. మేనేజరు గుమాస్తాను ‘నీవు సంతకము చూచితివా’ అని ఇంగ్లీషున అడిగెను. ‘ఐ సా ఇట్’ అన్నచో అది సాక్ష్యము. ‘ఐ మస్ట్ హావ్ సీన్ ఇట్’ అన్నచో జ్ఞాపకము లేదు గాని, ప్రతి చెక్కును చూచుట నాకు వాడుక గనుక చూచియే యుందునని అనుమానము తక్కువైన ఊహ. ‘ఐ మైట్ హావ్ సీన్ ఇట్’ అన్నచో చూచితినో లేదో చెప్పజాలనని. ‘ఐ షుడ్ హావ్ సీన్ ఇట్’ అన్నచో చూడలేదు, నాదే తప్పని ఒప్పుకోలు! తెలుగున ‘చూచియుండవలెను’, ‘చూచియుండవలసినది’ అని వాక్యము తోకలో తేలు భేదమును ఆంగ్లము మస్ట్, షుడ్ అను మాటలతో ముందుగనే తేల్చివేయును; మనసులో తెలుగు వాక్యము కట్టుకొని అనువదించువాడు తొందరలో ఒకదానికి మారు మరియొకటి పలికి, చేయని తప్పును నెత్తిన వేసికొనును. చూచియుండుట అసంభవమని చెప్పుటకు ‘కాంట్ హావ్ సీన్’ అనుట శిష్టప్రయోగము. ‘మస్టంట్ హావ్ సీన్’ అను పలుకు ఆ చోట అంతగా రాణింపదు. వేగముగ పలుకునపుడు ‘షుడ్ హావ్’ అనునది చెవికి ‘షుడ్ ఆఫ్’ వలె వినబడును గాని, అట్లు వ్రాయుట ఘోరదోషము. పుట్టుకతో ఆంగ్లము మాటలాడువారును దీనిని వ్రాయుదురన్నది మనకు సాకు కారాదు.

మర్యాదకు ‘మే ఐ సీ యువర్ టికెట్’, ‘కుడ్ ఐ సీ ద మేనేజర్’ అను రెండు మచ్చులు చాలును. ‘ఐ వాంట్ టు సీ ద మేనేజర్’ అనుట వ్యాకరణసమ్మతమే గాని ఉద్యోగార్థి నోట మొరటుగ నుండును. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్షలో పటమును చూచి కనీసము 150 మాటలలో వర్ణింపుమను మొదటి వ్రాతపనికి కూర్చుండువారు ‘ఇట్ కెన్ బి సీన్ దట్’ అను కర్మణిప్రయోగమును ఒకసారి వాడిన వాడవచ్చును. ప్రతి వాక్యమునకు దానినే తగిలించుట భాషాదారిద్ర్యమును ఎత్తి చూపుట యగును. పట్టికలను పక్కన బెట్టి, నేడు మీ కాలేజిలోనో కార్యాలయములోనో మీరు చూచినవి, చూడక విడిచినవి, చూచియుందురని ఊహించునవి పది వాక్యములుగ వ్రాసి, మీకన్న కొంచెమెక్కువ ఇంగ్లీషు వచ్చిన స్నేహితునికి బిగ్గరగా చదివి వినిపింపుడు.